భీం కొట్లాట ఎవలి మీద?

పోయినేడు ఆశ్వయుజ పున్నమి నాడు మా అక్క కొడుకు వాట్సాప్‌ల స్టేటస్ పెట్టిండు. ఆర్ఆర్ఆర్ సినిమాల ఎన్టీఆర్ బొమ్మ, దాని మీద కుమ్రం భీం వర్ధంతి అని పెద్దక్షరాలు, కింద రెండు లైన్లు. బయటికెల్లి వచ్చినోళ్లను తరిమికొట్టుడే భీంకు అసలు నివాళి అని ఆ లైన్ల మతలబు. అవి వాడు రాసినయి గావు. ఏదో గ్రూపుల వచ్చినయి, ఎత్తి పెట్టిండు.

చూడంగనే నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే వాడు సుత బయటికెల్లి వచ్చినోళ్ల పిలగాడే. మా అమ్మ మేనమామ 1960లల్ల పెద్దపల్లి దిక్కుకెల్లి ఎడ్లబండి కట్టుకోని ఉట్నూరు దిక్కు పోయిండు. ఆ ఇంటికే మా అక్కను ఇచ్చినం. వాడు పుట్టింది, పెరిగింది అక్కడనే, గోండు గూడేనికి కూతవేటు దూరంల. నవ్వు అయిపోయినంక భయమైంది. ఆ లైన్లల్ల బయటోళ్లంటే ఎవలో పేరు లేదు. పేరు లేని కాడ ఎవలికి గిట్టనోళ్ల పేరు వాళ్లు పెట్టుకోవచ్చు. ఒకలు లంబాడోళ్లు అనుకుంటరు, ఒకలు ముస్లింలు అనుకుంటరు, ఇంకొకలు మా అసొంటి కింది జిల్లాల రైతులనుకుంటరు. భీం పేరు మీద ఇట్లాంటిది తిరుగుతున్నదంటే, ఆయన ఎవలో, ఎవలి మీద కొట్లాడిండో మన పోరగాండ్లకు ఎవలన్న కుదురుగ చెప్పిన్రా అని అనుమానమొచ్చింది. మా అల్లునికి ఫోన్ల చెప్పుడు మొదలుపెట్టిన. ఫోన్ల ఒడువలేదు. అందుకే ఇక్కడ రాస్తున్న.

ముందుగాల సినిమా సంగతి పక్కకు పెడుదాం. భీం ఢిల్లీకి పోలేదు, తెల్లదొరల కోటల ఫైటింగ్ చెయ్యలేదు. అల్లూరి సీతారామరాజును కలిసిండని ఎక్కడా లేదు. సీతారామరాజు 1924ల పోయిండు, అప్పటికి భీం ఇంకా తన బతుకు తొవ్వ వెతుక్కుంటున్న జవాను. సినిమా సినిమానే, మంచిగున్నది, నేను సుత రెండుసార్లు చూసిన. అసలు భీం కొట్లాట ఆసిఫాబాద్ అడివిల, నిజాం సర్కారు తోని.

1901ల ఆసిఫాబాద్ దగ్గరి సంకెపల్లిల భీం పుట్టిండు. గోండుల ఇల్లు. తండ్రి చిన్ను, తల్లి సోంబాయి. గోండులు అప్పటికి ఏదో అడివిల దాసుకోని బతికే చిన్న మంద గాదు. చాందా దిక్కు రాజ్యాలేలిన జాతి, కోటలు కట్టిన జాతి. మొఘలులు, మరాఠాలు వచ్చినంక ఆ రాజ్యాలు పోయినయి. రాజ్యం పోయినా భూమి పోలే. ఒక జాగ రెండు మూడేండ్లు దున్నుడు, సత్తువ తగ్గినంక దాన్ని పడావు పెట్టి ఇంకో జాగకు పోవుడు, అది మళ్లీ సత్తువకొచ్చినంక తిరిగొచ్చుడు, ఇది వాళ్ల ఎవుసం. జాగకు కొదువ లేదు, కాగితంతోని పని లేదు.

అసలు కథ మొదలైంది ఆ కాగితం కాడనే. హైదరాబాద్ సర్కారు భూములు కొలిపించి పట్టాలియ్యవట్టింది. పట్టా ఎవలికిస్తరు? కచ్చీరుకు పోయి దరఖాస్తు పెట్టేటోనికి, ఉర్దూల రాసుడు ఒచ్చినోనికి, గిర్దావర్‌కు ఇంత చెయ్యి తడిపేటోనికి. గోండు పడావు పెట్టిన భూమి కొలిచేటోని కంటికి ఖాళీ జాగ లెక్క కనవడ్డది. వాడు తిరిగొచ్చే వరకు అది ఇంకొకని పేరు మీద ఉన్నది. 1920లల్ల కాజీపేట–బల్లార్షా రైలు తొవ్వ పడింది, ఇగ షావుకార్లకు, వ్యాపారులకు, భూమి కోసం చూసే రైతులకు అడివి దగ్గరైంది. మంచిర్యాల, ఆసిఫాబాద్ రోడ్డు, సిర్పూరు, అన్నీ రైలు తొవ్వ మీదనే. అటు దిక్కుకెల్లి జంగలాత్ మహకమా, అంటే అడివి శాఖ, గీత గీసుకుంట వచ్చింది. గీత లోపల ఉన్నదంతా రిజర్వు. నిన్నటిదాకా ఇప్పపువ్వు ఏరుకున్న కాడ ఇయ్యాల్ల దొంగ. పసులు మేపితే పన్ను, కట్టె కొడితే పన్ను, పన్ను కట్టినా లంచం. కొన్ని కాడ గూడేలకు గూడేలు కాలవెట్టి మందిని ఎల్లగొట్టిన్రు.

భీం చిన్నప్పుడే ఇది చూసిండు. జంగలాత్ వాళ్ల ఆగానికి ఇంటోళ్లు సంకెపల్లి ఇడిశిపెట్టిన్రు. తండ్రి పోయిండు. తర్వాత సుర్దాపూర్ దిక్కు పోయి అడివి కొట్టి సేను చేసిన్రు. పంట చేతికొచ్చే యాళ్లకు సిద్దిఖ్ అనే పట్టాదారు ఈ భూమి నాదని మీదికొచ్చిండు. మాటా మాటా పెరిగింది. భీం చేతుల సిద్దిఖ్ సచ్చిపోయిండు.

ఇక్కడ జెర ఆగాలె. ఈ ముచ్చటను గోండు వర్సెస్ తురక అని చెప్పేటోళ్లు ఇప్పుడు మస్తుమంది ఉన్నరు. సిద్దిఖ్ పేరు చెప్పి ఆపుతరు. ఆ కాలంల గోండుల భూములు పట్టా చేసుకున్నోళ్ల జాబితా తీస్తే అండ్ల దేశ్‌ముఖ్‌లున్నరు, బాపనోళ్లున్నరు, కోమట్లున్నరు, వెలమలున్నరు, మరాఠాలున్నరు, వడ్డీకి ఇచ్చే రోహిల్లాలున్నరు. అన్ని కులాలు, రెండు మతాలు. అందరికీ పని చేసి పెట్టింది ఒక్కటే కచ్చీరు. భీంకు ఈ సంగతి అర్థమైంది కాబట్టే తర్వాత ఆయన కొట్లాట ఇంకో తీరుగ నడిసింది. ఒక మనిషిని కొట్టి సంపితే సేను తిరిగి రాలేదు. ఆ ఒక్క దెబ్బకు ఊరు ఇడిశి పారిపోవలసి వచ్చింది.

పారిపోయి చాందాకు చేరిండు. అక్కడ విటోబా అనేటాయన ప్రింటింగ్ ప్రెస్‌ల పని దొరికింది, చదువుడు రాసుడు అక్కడ నేర్సిండని చెప్పుకుంటరు. ప్రెస్సాయనను పోలీసులు పట్కపోయినంక అస్సాం పోయి చాయ తోటలల్ల కూలి చేసిండు. నాలుగైదేండ్లు. మన దిక్కుకెల్లి ఇప్పుడు దుబాయ్, మస్కట్ పోతున్నట్టు అప్పట్ల అస్సాం. వేరే రాష్ట్రాలకెల్లి వచ్చిన ఆదివాసులు, కూలోళ్లు అక్కడ మస్తుమంది. కూలోళ్ల లొల్లిల దిగి జైలుకు పోయి, తప్పించుకోని బల్లార్షా రైలెక్కి తిరిగొచ్చిండని మనోళ్ల నోట్ల ఉన్న కథ. నాకు మటుకు ఆయన బతుకుల ఈ ముక్కనే అన్నిటికన్నా పెద్దదనిపిస్తది. పోయేటప్పుడు కోపంతోని పోయిన పిలగాడు, వచ్చేటప్పుడు దరఖాస్తు రాసుడు నేర్సుకోని వచ్చిండు.

కాకన్‌ఘాట్‌ల లచ్చుపటేల్ దగ్గర చేరిండు. పటేల్ భూమి కేసు ఒకటి ఆసిఫాబాద్ కచ్చీరుల నడుస్తుంటే దాని ఎంబడి తిరిగి గెలిపించిండు. అప్పటికెల్లి సుట్టుముట్టు గూడేలల్ల భీం పేరు ఎరుకైంది. కచ్చీరు తోని మాట్లాడ తెలిసిన గోండు అంటే అప్పట్ల చిన్న ముచ్చట గాదు. పెండ్లయింది, బాబేఝరి దిక్కు తనోళ్లతోని కలిసి అడివి కొట్టి సేన్లు చేసిండు. జోడేఘాట్, పట్నాపూర్, టోకెన్‌మోవాడ్ అట్లాంటి పన్నెండు ఊర్లు. జంగలాత్ వాళ్లు మళ్లీ దిగిన్రు. ఇది రిజర్వు, లెవ్వుండ్రి అన్నరు. ఇండ్లు కాలవెట్టిన్రు.

అప్పుడు భీం చేసిన మొదటి పని తుపాకి పట్టుడు గాదు. తాలూక్‌దారు కాడికి పోయిండు. అక్కడ కాకపోతే హైదరాబాద్ పోయిండు, నిజాం సర్కారుకు దరఖాస్తు పెట్టుకున్నడు. రోడ్లు సరిగ లేని కాలంల ఆసిఫాబాద్ అడివికెల్లి పట్నం పోయి దర్బారు గడప కాడ కూసునుడంటే అర్థం చేసుకోండ్రి. పని కాలే. పైన సరే అన్నట్టు అనిపించినా కిందికొచ్చే వరకు జంగలాత్ నౌకర్లు లంచం అడిగిన్రు. తొవ్వలన్నీ మూసుకున్నంకనే పన్నెండు ఊర్లను కూడగట్టి జోడేఘాట్ గుట్ట ఎక్కిండు.

ఆయన అడిగిందేందో సూడుండ్రి. పన్నెండు ఊర్ల భూమి మీద మాకు హక్కు కావాలె, అడివి మీద, పసుల మేత మీద పన్ను వద్దు, మా ఊర్లను మేము ఏలుకుంటం. నీళ్లు, అడివి, భూమి అని ఇయ్యాల్ల మనం గోడల మీద రాసుకుంటున్నదంతా ఇదే. పక్క ఊరోన్ని ఎల్లగొట్టుమని అండ్ల లేదు. ఫలానా కులపోడు, ఫలానా మతపోడు ఉండొద్దని లేదు. దరఖాస్తు సర్కారుకు, కొట్లాట సర్కారుతోని. పట్టాలిస్తం దిగిరమ్మని కబురొచ్చినా, పన్నెండు ఊర్ల ఏలుబడి సంగతి తేలనిది దిగనన్నడని చెప్తరు.

1940ల, ఆశ్వయుజ పున్నమి రాత్రి, పోలీసులు గుట్టెక్కిన్రు. కుర్దు పటేల్ అనే తనోడే ఒకడు తొవ్వ సూపిచ్చిండని గోండులు ఇప్పటికీ తిట్టుకుంటరు. ఇటు బర్మార్లు, కత్తులు, బరిసెలు. అటు సర్కారు తుపాకులు. భీం, ఆయన తోటోళ్లు పదిమందికి పైన అక్కడనే ఒరిగిపోయిన్రు. పీనుగులను ఊరికియ్యకుంట అక్కడనే కాలవెట్టిన్రు. అందుకే జోడేఘాట్‌ల మొక్కేది మట్టికే. మొన్నమొన్నటిదాకా అక్కడ ఒక జెండా గద్దె, నాలుగు రాళ్లు తప్ప ఏం లేకుండె. ఇప్పుడు విగ్రహమున్నది, మ్యూజియం ఉన్నది, హట్టి కాడికెల్లి తారు రోడ్డు పడ్డది.

భీం పోయినంక సర్కారుకు ఒక అనుమానం పట్టుకున్నది. ఇంత శాంతంగ ఉండే గోండులు తుపాకులకు ఎదురు ఎందుకు నిలవడ్డరు? అప్పటికే హైదరాబాద్ రాజ్యంల ఆస్ట్రియా దేశపోడు హైమండార్ఫ్ అనే మానవశాస్త్రం చదివినాయన ఉన్నడు. రెండో ప్రపంచ యుద్ధమైతుంటే శత్రు దేశపోడని ఆయనను ఈ రాజ్యం దాటనియ్యలే. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయి గూడెంల గుడిసె ఏసుకోని ఉన్నరు. ఆయన తేల్చింది సాదాసీదగ చెప్పాలంటే ఇది: వీళ్లకు సర్కారు మీద పగ లేదు, భూమి గుంజుకున్నరు, అడివి మూసిన్రు, చెప్పుకుందామంటే ఇనేటోడు లేడు. దాంతోని 1940లల్ల పని మొదలైంది. దాదాపు 1,60,000 ఎకరాల భూమికి ఆదివాసులకు పట్టాలిచ్చిన్రు. మార్లవాయిల గోండు పంతుళ్లను తయారు చేసే బడి పెట్టిన్రు, గోండి మాటల వాచకాలు అచ్చేసిన్రు. కెస్లాపూర్ నాగోబా జాతరల అధికారులొచ్చి గోండుల మొర ఇనే దర్బారు సురువైంది. అది ఇప్పటికీ నడుస్తున్నది. భీం బతికుండంగ ఇనని సర్కారు, సచ్చినంక ఇన్నది. ఒక్క దరఖాస్తు మీద సంతకానికి ఇంత ధర కట్టవలసి వచ్చింది.

ఇప్పుడు మా అల్లునికి చెప్పిన ఇంకో దేశం సంగతి చెప్త. ఫోన్ల వాడు ఇది ఎందుకు మామా అన్నడు. ఎందుకో మీకే తెలుస్తది.

ఆఫ్రికాల రువాండా అని ఒక దేశం. మన పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలు రెండు కలిపితే ఎంతుంటదో దానికన్నా ఇంచుకంత చిన్నది. గుట్టలు, బోడుల మీద చెల్కలు, ఒకని చెల్క పక్కపొంటి ఒకని చెల్క. హుటూలు, టుట్సీలు, కొద్దిమంది ట్వా అని మందిని మూడు తీర్లుగ పిలుస్తరు. అందరిది ఒకటే భాష, ఒకటే గుట్టలు, ఎక్కువమందిది ఒకటే మతం. లగ్గాలు సుత అటిటు అయితుండె. ఎన్కట ఆవులెక్కువున్నోళ్లను ఒక పేరుతోని, దున్నుకునేటోళ్లను ఒక పేరుతోని పిలిసేటోళ్లు, బతుకు మారితే పేరు సుత మారేదుండె. బెల్జియం వాళ్లు ఏలవట్టి, 1930లల్ల ప్రతి మనిషికి ఒక కార్డు ఇచ్చిన్రు. కార్డు మీద జాతి. ఇగ మారేదే లేదు. ముందుగాల టుట్సీలను మంచిగ సూసి నౌకర్లిచ్చి, హుటూల నెత్తిన కూసోవెట్టిన్రు. పోయే కాలానికి హుటూల దిక్కు మళ్లిన్రు. 1959ల కొట్లాటలు, వేల మంది టుట్సీలు పక్క దేశాలకు పారిపోయిన్రు. 1962ల స్వాతంత్య్రం వచ్చింది, కార్డు మటుకు అట్లనే ఉన్నది.

గమనించుండ్రి, హుటూ రైతుకు ఉన్న బాధ అబద్ధం గాదు. భూమి తక్కువ, మంది ఎక్కువ, 1980ల చివరల కాఫీ ధర పడిపోయింది. మన పత్తి రైతుకు ధర పడిపోతే ఎట్లుంటదో అట్ల. పారిపోయినోళ్ల పిల్లలు ఉగాండల పెరిగి, ఫౌజు కట్టుకోని 1990ల దేశం మీదికొచ్చిన్రు. లడాయి మొదలైంది. సర్కారును ఏలేటోళ్లకు కుర్చీ కదులుతుండె. భూమి ఎందుకు లేదు, ధర ఎందుకు లేదు, కుర్చీల కూసున్నోడు ఏం చేసిండు అని రైతు అడగకముందే వానికి జవాబు తయారు చేసి ఇచ్చిన్రు: నీ పక్కింటోడే నీ శత్రువు, వాడు ఈ మట్టిల పుట్టినోడు గాదు, ఏడికెల్లో వచ్చిండు. 1993ల ఒక రేడియో పెట్టిన్రు. మంచి పాటలు, జోకులు, నడుమ నడుమ ఈ విషం. పక్కింటోళ్లను బొద్దింకలని పిలుసుడు అలవాటు చేసిన్రు. 1994 ఏప్రిల్ 6 నాడు అధ్యక్షుని విమానం కూలింది. ఆ రాత్రికెల్లే మొదలు. వంద రోజులల్ల దాదాపు 8 లక్షల మంది. ఎక్కువ మందిని సంపింది తుపాకులతోని గాదు, చెట్లు చెల్కలు కొట్టే కత్తులతోని. తొవ్వల మీద అడ్డం నిలవడి కార్డు సూసి సంపిన్రు. మేము సంపం అన్న హుటూలను సుత సంపిన్రు. ఐక్యరాజ్యసమితి ఫౌజు అక్కడనే ఉండి, సంపుడు నడుస్తుండంగనే పెద్ద భాగం వాపసు పోయింది.

అయిపోయినంక ఏమైంది? హుటూలకు భూమి దొరికిందా? లేదు. ఉగాండకెల్లి వచ్చిన ఫౌజు గెలిచే వరకు దాదాపు 20 లక్షల మంది పక్క దేశాలకు పారిపోయిన్రు, అండ్ల మస్తుమంది గుడారాలల్ల కలరాతోని సచ్చిన్రు. ఆ మంట కాంగోకు అంటుకున్నది, ఇప్పటికీ ఆరలేదు. జైళ్లు నిండినయి. మామూలు కోర్టులకు అన్ని కేసులు తెగయని ఊర్ల మందే గడ్డి మీద కూసోని విచారించే గచాచా పంచాయితీలు పెట్టిన్రు. 2012 దాకా నడిసినయి, దాదాపు 20 లక్షల కేసులు. సంపినోడు, సచ్చినోని భార్య, ఒకే గుట్ట మీద ఎదురెదురు ఇండ్లల్ల ఇయ్యాల్ల సుత బతుకుతున్నరు. కార్డు మీద జాతి తీసేసిన్రు. ఇంకోటి. టాంజానియాల పెట్టిన అంతర్జాతీయ కోర్టు 2003ల ముగ్గురికి శిక్ష ఏసింది. ఇద్దరు ఆ రేడియో పెట్టినోళ్లు, ఒకడు పేపరు నడిపినోడు. మాటలు చెప్పినందుకు, అచ్చేసినందుకు. స్టేటస్ నేను రాయలేదు ఉట్టిగ పెట్టిన అని మా అల్లుడు అన్నప్పుడు నాకు యాదికొచ్చింది ఇదే.

మన దగ్గర రువాండా అయితున్నదని నేను అంటలేను. అట్లంటే అది సుత ఇంకో తీరు విషమే. జోడేఘాట్‌ల జరిగింది సుత జాతి నరమేధం గాదు, తిరగవడ్డోళ్ల మీద సర్కారు కాల్పులు. నేను చెప్పేది వేరు. భూమి ఆకలి అక్కడా నిజం, ఇక్కడా నిజం. అక్కడ దాన్ని పక్కింటి దిక్కు తిప్పిన్రు. భీం దాన్ని కచ్చీరు దిక్కు తిప్పిండు. ఆయన పేరు మీద మళ్లీ పక్కింటి దిక్కు తిప్పవట్టిన్రు.

ఎందుకు తిప్పవస్తున్నది? భీం తర్వాత వచ్చిన పట్టాలు నిలవలే కాబట్టి. 1940లల్ల ఇచ్చిన భూములల్ల చానా వరకు మళ్లీ చేతులు మారినయి. హైమండార్ఫ్ 1970లల్ల తిరిగొచ్చి సూసి పరేషానయిండు, దాని మీద పుస్తకమే రాసిండు. చట్టం లేక గాదు. 1959 రెగ్యులేషన్ 1963ల తెలంగాణకు వచ్చింది, 1970ల దాన్ని ఇంకింత గట్టిగ చేసిన్రు. అదే మనం 1/70 అంటం. ఏజెన్సీ భూమి గిరిజనేతరుని పేరు మీదికి పోవద్దని చట్టం. పోయింది మటుకు ఆగలే. తెల్లకాగితాల మీద, నోటి మాట మీద, అప్పు కింద, కౌలు కింద.

మహారాష్ట్రల లేని ఎస్టీ హోదా ఇక్కడ దొరికినంక లంబాడాలు ఆ దిక్కుకెల్లి సుత వచ్చి భూములు కొన్నరని గోండుల బాధ. 1976 చట్టంతోని తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాల చేరిన్రు. వాళ్లదీ గరీబు బతుకే, తండాలల్ల వాళ్ల కష్టం ఎవలికీ తక్కువ లేదు, ఈడనే తాతల నాటికెల్లి ఉన్నోళ్లు మస్తుమంది. జాబితా రాసింది లంబాడోడు గాదు, పార్లమెంటు. ఆ ఒక్క రొట్టెను ఇద్దరు ఎట్ల పంచుకోవాలెనో చెప్పకుంట ఇద్దరి నడుమ పెట్టిన్రు. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి అంగడి నాడు భూమి కోసమే మీటింగుకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్చిన్రు. సర్కారు లెక్క 13 మంది. ఊర్ల లెక్క దానికి ఎన్నో రెట్లు. 41 ఏండ్లకు మళ్లీ జోడేఘాటే. అప్పటికీ గోండులు మొర పెట్టుకున్నది సర్కారు దిక్కే.

2017ల మటుకు దిక్కు మారింది. జోడేఘాట్ మ్యూజియంల బొమ్మల కాడ మొదలైన లొల్లి, ఆ ఏడు డిసెంబర్ వరకు ఉట్నూరు దిక్కు గోండులు, లంబాడాలు ఒకల మీద ఒకలు పడే దాకా వచ్చింది. బండ్లు కాలినయి, 144 సెక్షన్ పెట్టిన్రు, నెట్ బంద్ జేసిన్రు. మా అక్క వాళ్లు మూడు రోజులు తలుపులు పెట్టుకోని కూసున్నరు. 2024ల జైనూర్‌ల ఒక ఆదివాసీ ఆడామె మీద జరిగిన ఘోరం తర్వాత ఇంకో తీరుగ మంట లేసింది, నేరం చేసినోడు ఒక్కడైతే కాలినయి ఎవలెవలియో దుకాండ్లు. రెండుసార్లు సుత సర్కారు మొదలు చేసిన పని ఫోన్లల్ల నెట్ ఆపుడు. అంటే మంట ఏడికెల్లి పోతున్నదో వాళ్లకు ఎరుకే.

ఇగ మా ఇంటి సంగతి. అడ్డగోలుగ ఊరోళ్ల ముచ్చట చెప్పి మా ముచ్చట దాసిపెడితే మర్యాద గాదు. మా అమ్మ మేనమామ ఉట్నూరు దిక్కు పోయినప్పుడు ముందుగాల కౌలుకు చేసిండు. తర్వాత ఒక గోండు ముసలాయనకు పిల్ల లగ్గానికి అప్పిచ్చిండు. అప్పు తీరలే. నాలుగెకరాల నల్లరేగడి మా చేతికొచ్చింది. అది 1/70 వచ్చినంకనే. పట్టా ఇప్పటికీ ఆ గోండోళ్ల ఇంటి పేరు మీదనే ఉన్నది, దున్నేది మా బావ. ఏడాదికి ఇన్ని జొన్నలని మొదట్ల ఇచ్చేటోళ్లు, ఇప్పుడు ఇంత పైకమని ఇస్తున్నరు. ఎంతియ్యాలెనో మా ఇంట్లనే తీర్మానం చేస్తరు. మా బావ చెడ్డోడేం గాదు, ఎండల పని చేసి నడుము ఇరగ్గొట్టుకున్నోడు. అడిగితే మేము గుంజుకోలే, పైసలిచ్చినం అంటడు. సిద్దిఖ్‌ను అడిగినా అదే అనేటోడు కావచ్చు, పట్టా నాకు సర్కారిచ్చింది అని. నేను ఈ మాట ఒక పండుగ నాడు అన్నందుకు మా బావ ఏడాది దాకా నాతోని మాట్లాడలే.

మా అల్లునికి ఇదంతా ఎరుక లేదు. చెల్క మాదే అనుకుంటున్నడు. ఆ గోండు ముసలాయన మనుమడు వీనితోని డిగ్రీ చదువుతున్నడు, ఇద్దరు ఒకే బస్సు ఎక్కుతరు, ఒకే క్రికెట్ టీం. వాని ఫోన్ల సుత అదే స్టేటస్ ఉన్నదట. నేనడిగిన, వాడు బయటోళ్లంటే ఎవలనుకోని పెట్టిండో అడిగినవా అని. మా అల్లుడు జెరసేపు ఏం మాట్లాడలే.

స్టేటస్ 24 గంటలకు దానంతటదే పోయింది. తర్వాత వాడే ఫోన్ చేసిండు, వచ్చే పున్నమికి జోడేఘాట్ పోదాం, నువ్వు రా మామా అని. వస్త అన్న. ముసలాయన మనుమన్ని సుత తోలుకరా అన్న. పోయే ముందుగాల మీ అమ్మను అడిగి బీరువల ఉన్న తెల్లకాగితం తియ్యించి పెట్టు, దాని మీద స్టాంపు లేదు, ఒక బొటనవేలు ముద్ర ఉంటది, ముగ్గురం కలిసి సూద్దాం అన్న. అక్క ఇస్తదో ఇయ్యదో.